శనివారం అతిథులు

ఆ ఏడాది మార్చి నెలాఖరు వచ్చినా మా గదులకు ఒక్క బుకింగ్ కూడా రాలేదు. అంతకు ముందు ఏడాది ఆ రోజులకల్లా మే నెల సగం నిండిపోయింది. మా ఆయన కిరణ్ కుమార్ పొద్దున లేవగానే ఫోన్ చూసేవాడు. గొర్రెల దొడ్డి ఊడ్చి వచ్చి మళ్లీ చూసేవాడు. సంగటి ముద్ద చేతిలో ఉండగా ఎడమ చేత్తో తెర జరిపి చూసేవాడు.

మా ఊరు మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండకు పోయే దారిలో, ఘాట్ మలుపులు మొదలు కావడానికి కాస్త ఇవతల ఉంది. కొండ మీద గది దొరకనివాళ్లు, దొరికినా ఆ రద్దీ వద్దనుకునేవాళ్లు మా దగ్గర దిగేవాళ్లు. బోరు ఎండిపోయి టమోటా మానుకున్నాక, ఇంటి పక్క చేనులోనే రెండు గదులు కట్టి, ముందు వరండా దించి, ఫోటోలు తీసి నెట్‌లో పెట్టాం. అప్పటి నుంచి ఆ గదులే మాకు పంట. మా అత్త చిక్కమ్మకు పాతిక గొర్రెలున్నాయి. వచ్చినవాళ్లు ఏ ఊరివాళ్లయినా సరే, ఆమెకు వాళ్లంతా బెంగుళూరోళ్లే.

కరోనా తర్వాత రెండేళ్లు మాకు బాగా గడిచింది. లాప్‌టాప్‌లు తెచ్చుకుని నెల రోజులు ఉన్నవాళ్లున్నారు. ఎండాకాలం సెలవులకు పిల్లలతో వచ్చి పదేసి రోజులు ఉన్నవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు మా అత్త వెంట గొర్రెలు మేపడానికి పోయి, మోకాళ్లు చెక్కుకుని, ఏడవకుండా తిరిగి వచ్చేవాళ్లు. తర్వాత ఆఫీసులు మళ్లీ తెరిచారు. లాప్‌టాప్‌వాళ్లు పోయారు. ఏటా వచ్చే బెంగుళూరు టీచరమ్మ ఆ ఏడాది వియత్నాం పోతున్నామని మెసేజ్ పెట్టింది. చివర రెండు పూల బొమ్మలు కూడా పెట్టింది.

కిరణ్ చివరికి ప్రవీణ్‌ను పిలిపించాడు. ప్రవీణ్‌ది కుప్పం. ఇంజనీరింగ్ అయ్యాక మదనపల్లెలో గది తీసుకుని, చుట్టుపక్కల పదిపన్నెండు హోమ్‌స్టేలకు నెట్ పనులు చూస్తున్నాడు. మా వరండాలో కూర్చుని ఫోన్‌లో మా పేజీ అంతా చదివాడు.

"జనం రాకుండా పోలేదన్నా. వస్తానే ఉండారు. వచ్చే తీరు మారింది, అంతే," అన్నాడు.

"ఎట్ల మారింది?"

"పది దినాలు ఉండేవాళ్లు ఇప్పుడు లేరు. పెద్ద సెలవు దొరికితే విమానం ఎక్కుతారు. మనకాడికి శనివారం మధ్యాన్నం వస్తారు, ఆదివారం పొద్దున పోతారు. అదిగూడా శుక్రవారం సాయంత్రం ఆఫీసులో కూచోని బుక్ చేస్తారు. వారమంతా మనుషుల్తో మాట్లాడి మాట్లాడి ఉంటారు గదా, ఈడన్నా ఎవురూ కనపడగూడదని వస్తారు."

మా అత్త దొడ్డి గోడకు ఆనుకుని వింటోంది. "మనిషే కనపడకుంటే అది ఇల్లెట్ల అయితుందప్పా?" అంది.

"ఇల్లు గాదవ్వా ఇది. ప్రాపర్టీ," అని నవ్వాడు ప్రవీణ్. మా అత్త కూడా నవ్వింది. అప్పుడు మేమందరం నవ్వాం.

అతనే నంబర్లు నొక్కితే తెరుచుకునే తాళం తెచ్చి బిగించాడు. అతిథులకు ముందుగానే నంబరు పంపితే చాలు, వాళ్లే తెరుచుకుని వస్తారు, వాళ్లే మూసి పోతారు. ఎవరూ ఎదురు పోనక్కర్లేదు. ఆ సాయంత్రం మా అత్త ఆ తాళాన్ని నాలుగుసార్లు నొక్కి తెరిచింది, నాలుగుసార్లు మూసింది. అది కూత పెట్టినప్పుడల్లా మా పాప జాహ్నవి వైపు చూసి మురిసిపోయింది.

ఏప్రిల్ రెండో శనివారం తెల్ల కారు ఒకటి వచ్చింది. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి దిగారు. పాతికేళ్లు దాటి ఉంటాయి. మా ఇంటి వైపు చూడకుండా తాళం నొక్కి లోపలికి పోయారు. ప్రవీణ్ చెప్పినట్టే మేం ఎవరం కదలలేదు.

మా ఇంటికీ ఆ గదులకూ మధ్య కానుగ చెట్టు ఉంది. పొద్దున గొర్రెలు మేపి వచ్చాక, ఎండ చల్లబడేదాకా ఆ చెట్టు కింద నులక మంచం మీద కూర్చోవడం మా అత్తకు అలవాటు. ఆమె కాసేపు చూసి, చెంబులో మజ్జిగ పోసుకుని పోయి తలుపు తట్టింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పిలవాల్సింది. పిలవలేదు. ఆమె ప్రతి ఒక్కరికీ మజ్జిగ ఇస్తుంది, అందులో ఏముంది అనుకున్నాను.

"మీది యా ఊరు తల్లీ?"

"హైదరాబాద్ అండీ. బెంగుళూరులో జాబ్," అంది ఆ అమ్మాయి, తలుపు సగమే తెరిచి.

"ఇద్దురిదీ ఒగే కాడ పనా? పెండ్లయి ఎన్నేండ్లాయ?"

ఆ అమ్మాయి వెనక్కి చూసింది. "ఇంకా కాలేదండీ," అని మెల్లగా అంది.

"అట్లనా. సేసుకోండి మరి. నీకేం, బంగారు మాదిరి ఉండావు," అని మా అత్త చెంబు చేతికిచ్చి వచ్చేసింది. ఆమె మనసులో మరే ఉద్దేశం లేదు. సాయంత్రం గొర్రెలను తోలుకొచ్చేటప్పుడు వరండా ముందు ఆగి, రేపటికి గుడ్లు కావాలేమో అని కిటికీలోంచి అడిగింది. ఆ తర్వాత మంచం మీద కూర్చుని, కొంచెంసేపటికొకసారి ఆ కిటికీ వైపు చూసింది. అడిగిన గుడ్ల సంగతి చెబుతారేమోనని.

ఆదివారం ఎనిమిదికే వాళ్లు వెళ్లిపోయారు. కడిగిన చెంబు వరండా మెట్టు మీద ఉంది.

వాళ్ల రివ్యూ బుధవారం వచ్చింది. రివ్యూ వస్తే అందరం వరండాలో కూర్చునేవాళ్లం. పదో తరగతి పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉన్న జాహ్నవి ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పేది. అత్తకు అదంటే ఇష్టం. పాత అతిథులంతా ఆమె గురించి రాసేవాళ్లు. అందుకే ప్రతిసారీ మొదటగా "నా గురించి ఏం రాసినారు?" అని అడిగేది.

"గదులు నీట్‌గా ఉండాయంట. నాటుకోడి పులుసు బాగుండాదంట. పొద్దున కొండ బాగా కనపడిందంట," అని జాహ్నవి ఆగింది. కళ్లు మాత్రం ఇంకా తెర మీద కిందికి పోతున్నాయి.

"ఇంకా?"

"అంతే అవ్వా."

"నా గురించి రాయలేదా?"

"రాసినారు. అవ్వ మంచిదని రాసినారు."

మా అత్త చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఆ పైన ఉండే నక్షత్రాలను లెక్కపెట్టడం వచ్చు, జాహ్నవే నేర్పింది. వేలు ఒక్కోదాని మీద పెట్టి చూసింది.

"రెండే సుక్కలు నిండుండాయి. మూడు కాళీ," అంది.

జాహ్నవి ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"మంచిదని రాసి రెండే ఇచ్చినారా," అని ఫోన్ పాప చేతిలో పెట్టి, గొర్రెలకు నీళ్లు పెట్టాలని లేచింది. నీళ్లు అప్పటికే పెట్టి ఉన్నాయి.

వంటింట్లో జాహ్నవి నాకు చెప్పింది. "ముసలామె ఒకామె పొద్దస్తమానం మంచం మీద కూచోని మమ్మల్నే సూస్తాండాది, కర్టెన్ తియ్యలేకపోయినామని రాసినారమ్మా. పర్సనల్ విషయాలు అడుగుతాందంట. గొర్రెల వాసనంట. ప్రైవసీ లేదంట." కాస్త ఆగి, "అబద్ధం ఒగటీ లేదమ్మా," అంది. ఆ మాటకే దానికి ఏడుపొచ్చింది.

నాకు ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. పెళ్లి కాకుండా ఒకరితో వచ్చి, భయపడుతూ తలుపు సగం తెరిచిన పిల్ల ఆమె. ఆమె కోసం ఆ గది ఎట్లా ఉండాలో అట్లా లేదు. మా అత్త ఎట్లా ఉండాలో అట్లానే ఉంది. ఇద్దరిలో ఎవరిని తప్పు పట్టాలో నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున కానుగ చెట్టు కింద మంచం లేదు. ఇంటి వెనక, గోడకూ కట్టెల మోపుకూ మధ్య ఉన్న సందులో వేసుకుని కూర్చుంది మా అత్త. ఎవరం చెప్పలేదు. "ఈడ గాలి బాగుండాది," అంది. అక్కడ గాలి రాదు.

ఆ రెండు నక్షత్రాలతో మా పేజీ కిందికి పోయింది. వెతికేవాళ్లకు నాలుగో ఐదో పేజీలో కనపడుతున్నామని ప్రవీణ్ ఫోన్‌లో చెప్పాడు. స్పీకర్ పెట్టి ఉంది.

"అన్నా, చెప్పకూడదు గానీ, అవ్వ ఆ పక్కకు రాకుండా సూసుకోండి. గొర్రెలు గూడా కొంచెం దూరంగా పెట్టుకుంటే."

"మా ఇంట్లో మాయమ్మను యాడ పెట్టమంటావప్పా?" అన్నాడు కిరణ్. అతని గొంతు పెరగడం నేను ఎప్పుడో గానీ వినలేదు.

ప్రవీణ్ కోప్పడలేదు. అతనే ఇంకో దారి చెప్పాడు. పేజీలో ఇంటివాళ్లతో కలిసి ఉండే బస అని మార్చి పెడదాం, అట్లాంటివి కోరుకునేవాళ్లు కూడా ఉంటారు అన్నాడు. వచ్చి మా అత్తకు పట్టుచీర కట్టించి, చేతిలో గొర్రెపిల్లను పెట్టి ఫోటో తీశాడు. ఆమె సిగ్గుపడుతూనే నిలబడింది. ఆ ఫోటో ఎంత బాగా వచ్చిందో. మూడు రోజుల్లో రెండు వందల మంది దానికి హృదయం గుర్తులు పెట్టారు. దేవత మాదిరి ఉంది అన్నారు, మా నానమ్మ గుర్తొచ్చింది అన్నారు. గది కావాలని ఒక్కరూ అడగలేదు. రెండు శనివారాలు అట్లానే పోయాయి.

కిరణ్ తనే ఆ ఫోటో తీసేయమని చెప్పాడు. తర్వాత టమోటా నారుకు కట్టే పచ్చ నెట్టు అటక మీద నుంచి దించి, కానుగ చెట్టు నుంచి దొడ్డి మూల దాకా కట్టాడు. అట్లా గదుల్లోంచి మా ఇల్లు కనపడదు. మా అత్త ఒక కొస పట్టుకుని సాయం చేసింది. గొర్రెలను వరండా ముందు నుంచి కాకుండా, రాళ్లగుట్ట చుట్టూ తిప్పి తోలుకురావడం మొదలుపెట్టింది. ఆ రాళ్ల మీద ఎక్కి దిగేటప్పుడు ఆమె మోకాలు పట్టుకుని ఆగడం నాకు కనపడేది. ఆ వారం ఒక జంట వచ్చి, బాగుంది గానీ వాసన వస్తోంది అని రాసి పోయారు.

ఆ మంగళవారం సంగటి తింటూ మా అత్త అంది, "సోమలకు పోతానప్పా. చంద్రిక కాడ మేత బాగుండాదంట. ఈడ గొర్రెలు ఎండిపోతాండాయి."

చంద్రిక మా ఆడబిడ్డ. సోమల దగ్గర పల్లెలో ఉంటుంది. అంతకు ముందు వారమే ఫోన్ చేసి, అక్కడ కూడా గడ్డి లేదని, ఉన్న రెండు ఆవులకు కర్ణాటక నుంచి మేత తెప్పిస్తున్నామని చెప్పింది. ఆ మాట మేం నలుగురం విన్నాం.

కిరణ్ ముద్ద మింగాడు. "సరేమ్మా. వానలు పడినాక వచ్చేద్దువులే," అన్నాడు.

చాలా తొందరగా అన్నాడు. నేను ఏదో ఒకటి అనాల్సింది. వద్దత్తా అంటే చాలేమో. కానీ నిజం చెప్పుకోవాలంటే, ఆమె ఆ మాట అన్నప్పుడు నా గుండె మీద నుంచి ఏదో దిగినట్టయింది. అందుకే నోరు రాలేదు. ఆమె గిన్నెలో ఇంకాస్త పులుసు పోశాను.

శుక్రవారం పొద్దున వ్యాను వచ్చింది. గొర్రెలను ఎక్కించడానికి గంట పట్టింది. ఆఖరి దాన్ని కిరణ్ చేతులతో ఎత్తి లోపల పెట్టాడు. డ్రైవర్ పక్కన సీటు తుడిచి "రామ్మా" అన్నాడు. మా అత్త వెనక్కే ఎక్కింది.

"నేను ఈడ కూచుంటే గొర్రెలు బెదరవు," అంది. జాహ్నవి తలను కమ్మీల సందులోంచి నిమిరింది. వ్యాను కదిలేముందు నన్ను పిలిచింది.

"శ్రీలక్ష్మీ, దొడ్డిలో పెంటంతా ఎత్తించేసి సున్నం చల్లించు. రేపటికి వాసన పోతాది."

రేపు శనివారం. ఎవరో వస్తున్నారని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మే నెలలో మా గదులు ఒక్క శనివారం కూడా ఖాళీగా లేవు. దొడ్డి చదును చేసి కారు నిలిపే చోటు చేశాం. మా పేజీలో ప్రవీణ్ కొత్త మాట ఒకటి చేర్చాడు. యజమానులు ఇక్కడ ఉండరు, బస అంతా మీదే అని. మేం పచ్చ నెట్టు ఇవతలే ఉన్నాం. కానీ లేనట్టు ఉండటం నేర్చుకున్నాం. అన్నం క్యారియర్ వరండా కొక్కేనికి తగిలించి, మెసేజ్ పెట్టి వచ్చేయాలి. టీవీ శబ్దం పెట్టకూడదు. జాహ్నవిని గట్టిగా పిలవకూడదు. బట్టలు ఇంటి వెనకే ఆరేయాలి. మొరుగుతుందని మా కుక్కను మా అన్న తంబళ్లపల్లెకు తీసుకుపోయాడు.

ఒక ఆదివారం తెల్లవారగానే, అతిథులు నిద్రలో ఉంటారని వరండా తుడవడానికి పోయాను. తలుపు తెరుచుకుంది. నా వయసే ఉంటుంది, ఒకావిడ కాఫీ కప్పుతో బయటికి వచ్చింది. మంచి ముఖం. నన్ను చూసి నవ్వింది.

"ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇక్కడ. ఈ ఇల్లు మీదేనా?"

మాదే అని చెప్పడానికి నోరు తెరిచాను. పేజీలో రాసింది గుర్తొచ్చింది.

"కాదమ్మా. నేను ఈడ పని చేస్తాను," అన్నాను.

వెనక బకెట్ శబ్దం అయింది. జాహ్నవి నీళ్లు తెచ్చి నిలబడి ఉంది. ఆవిడ లోపలికి పోయి యాభై రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. మళ్లీ పెట్టింది. తీసుకున్నాను. తీసుకోకపోతే మీరెవరని అడుగుతుందో అని భయం.

ఆ రాత్రి అన్నాల వేళ జాహ్నవి ఆవిడ రాసింది చదివింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఐదు నక్షత్రాలు. స్వర్గంలా ఉంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. పని చేసే ఆవిడ చాలా మర్యాదస్తురాలు.

కిరణ్ ఒకసారి నా వైపు చూసి మళ్లీ కంచంలోకి చూశాడు. జాహ్నవి ఫోన్ అతని కంచం పక్కన పెట్టింది.

"ఇంక నేను చదవను నాయినా. నువ్వే సూసుకో."

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయి. అతిథులు లేని ఒక గురువారం నేనూ కిరణ్ సోమలకు బయల్దేరాం. మా అత్తను తీసుకొచ్చేయాలని ఇద్దరం అనుకున్నాం. ఎట్లా తీసుకొస్తాం, ఎక్కడ ఉంచుతాం అని మాత్రం దారంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

మా అత్త సగమైపోయింది. ముఖం నల్లగా కమిలింది. గొర్రెలు పదకొండే ఉన్నాయి. మేత లేక కొన్ని చచ్చాయని, కొన్ని అమ్మేసిందని చంద్రిక చెప్పింది. మమ్మల్ని చూసి మా అత్త సంతోషపడింది. మా పాప ఇంటర్ ఏ గ్రూపు తీసుకుందని అడిగింది. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అన్నం తిన్నాక కిరణ్ గొంతు సవరించుకున్నాడు.

"వానలు పడినాయి గదమ్మా. పోదాం రా."

మా అత్త ఏమీ అనకముందే చంద్రిక అంది. "తీసుకోనిపోయి యాడ దాచిపెడతావన్నా?"

కిరణ్ నేల చూశాడు. చంద్రిక ఇంకేదో అనబోతే మా అత్త వారించింది. "నువ్వుండుమే. వాడేం జేస్తాడు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "ఈ వారం ఎవురన్నా వస్తాండారా?"

తెలిసి కూడా కిరణ్ ఫోన్ తీసి చూశాడు. "రేపు సాయంత్రం ఇద్దురు దిగుతారు. ఆదివారం పోతారు."

"అట్లయితే సోమవారం వ్యాను తీసుకోని రాండి. వాళ్లు పోయినాక నెమ్మదిగా వస్తాను. అంతలోపల అన్నీ ఎత్తిపెట్టుకుంటాను."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు, నిజంగానే అంది. మేం బయల్దేరే సమయానికి తన సంచీ దించి, చీరలు ఒక్కొక్కటే మడతపెడుతోంది.

పుంగనూరులో బస్సు మారాలి. మదనపల్లె బస్సు కోసం నిలబడి ఉండగా కిరణ్ ఫోన్ మోగింది. రేపు రాబోయేవాళ్లే. ఫోటోల్లో మా గదులు నచ్చాయట. లాప్‌టాప్‌లు తెచ్చుకుని అక్కడి నుంచే పని చేసుకుంటారట. ఆదివారం పోకుండా ఈ నెలంతా ఉండొచ్చా అని అడుగుతున్నారు. అవతలి గొంతు నాకూ వినపడుతోంది, చాలా మర్యాదగా ఉంది.

కిరణ్ నా వైపు చూశాడు. ఏం చెప్పమంటావని అడుగుతున్నట్టే ఉంది. నేను బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను.

"పక్కన ఎవరైనా ఉంటారా అండీ? మాకు కాల్స్ ఉంటాయి, కాస్త నిశ్శబ్దంగా ఉండాలి," అన్నాడు అవతలి మనిషి.

"నెలంతా ఉండండి సార్," అన్నాడు కిరణ్. "ఆడ ఎవురూ ఉండరు."